తెల్లవారుజామున మొరాయించే కారు

కారు తాళం తిప్పినప్పుడు ఇంజన్ గిరగిర తిరిగే చప్పుడు వింటే నాకు ఇప్పటికీ భయమే. చప్పుడే రాకపోతే అంత భయం లేదు. పూర్తిగా చచ్చిన బండైతే వదిలేసి ఇంకో దారి చూసుకుంటాం. ఇది అలా కాదు. తిరుగుతుంది, తిరుగుతూనే ఉంటుంది, ఇదిగో అంటుకుంటున్నా అన్నట్టు ఒక దగ్గు దగ్గుతుంది, అంటుకోదు. మనిషిని చంపేది ఆ దగ్గే.

మాది మలాయ్ దేశంలో బాగన్ దాతుక్ వైపు, సముద్రం గాలి తగిలేంత దూరం. ఒకప్పుడు అన్నీ కొబ్బరి తోటలు, ఇప్పుడు ఎక్కువగా పామాయిల్. మా బావ ఆ తోటల్లో గెలల లారీ నడిపి రిటైరయ్యాడు. బావ అంటే నా మొగుడే. మేనత్త కొడుకు కాబట్టి పెళ్ళయి ఇంతకాలమైనా ఆ పిలుపు పోలేదు. చక్కెర జబ్బు ముదిరి ఆయన కిడ్నీలు పాడయ్యాక, మంగళ, గురు, శనివారాల్లో టౌనులో డయాలసిస్ చేయిస్తున్నాం. మాకు దొరికిన వంతు పొద్దున్నే మొదటిది. మనం ఆలస్యంగా వెళితే ఆ ఆలస్యాన్ని మన వంతులోంచే కోస్తారు, ఎందుకంటే మన వెనక ఆ మంచం కోసం ఇంకో ప్రాణం వచ్చి కూర్చుని ఉంటుంది. వాళ్ళను అనడానికి నాకు నోరు రాదు.

ఆ వేళకు బస్సు లేదు. ఫోనులో పిలిచే కార్లు తెల్లవారకముందు మా దారికి రావు. ఉన్నదల్లా మా పాత కారు. ఈ దేశంలోనే తయారైంది, పెట్రోలు ఇంజెక్షన్ రకం, మా అమ్మాయి బడికి వెళ్ళే రోజుల్లో కొన్నది. ఆ అమ్మాయికే ఇప్పుడు పిల్లలు. బావ కళ్ళు మసకబారాక తాళం నా చేతికొచ్చింది. ఇంటి తాళాల కన్నా దాన్నే జాగ్రత్తగా దాచుకుంటాను.

వానల నెలలో ఒక సంగతి జరిగింది. డయాలసిస్ సెంటర్లో బావ పక్క మంచం మీద ఒక పెద్దాయన ఉండేవాడు. మలాయ్ ఆయన, పడవల పని చేసినవాడు. ఇద్దరూ సూదులు గుచ్చుకుని పడుకుని, ఏ చేప ఏ నెలలో రుచో తేల్చుకునేవారు, ఇద్దరికీ డాక్టర్లు ఉప్పుచేప మాన్పించినా సరే. ఆయన ఒక వారం రాలేదు. ఆ తర్వాతి వారం ఆ మంచం మీద ఎవరో కొత్త మనిషి. బావ నర్సును ఏమీ అడగలేదు. తిరిగొచ్చే దారంతా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

కారు మొరాయించడం ఆ తర్వాతి మంగళవారమే మొదలైంది.

చీకటి ఇంకా పోలేదు. బావ పక్క సీట్లో, ఒళ్ళో దుప్పటి పెట్టుకుని కూర్చున్నాడు. తాళం తిప్పాను. తిరిగింది, దగ్గింది, ఆగింది. మళ్ళీ తిప్పాను.

"మూడుమాట్లు తొక్కి ఒగ్గేసి, అప్పుడు తిప్పు," అన్నాడు బావ.

"అది కార్బొరేటర్ బండికి బావా. దీనికి పెట్రోలు కంప్యూటరు పోస్తాది. మనం తొక్కితే ఏటీ రాదు."

"లారీ తోలినోణ్ణి నాను. నాకు సెప్తావేటి?"

ఆయన తృప్తి కోసం తొక్కాను. ఏమీ కాలేదు. చాదస్తపు మొగుడు చెబితే వినడు, గిల్లితే ఏడుస్తాడని ఊరికే అనలేదు. చివరికి ఎదురింటి చేపల వ్యాను బజారుకు బయల్దేరుతుంటే అడ్డం నిలబడి ఆపాను. ఐసు పెట్టెల పక్కన ఇరుక్కుని వెళ్ళాం. అప్పటికే సగం వంతు పోయింది. మధ్యాహ్నం బస్సులో ఇంటికొచ్చి, కోపంగా తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే లేచి, ఏమీ ఎరగనట్టు గుర్రుమంటూ నిలబడింది.

గురు, శనివారాల్లోనూ అదే. చాలాసేపు తిప్పి తిప్పి, బ్యాటరీ నీరసపడిపోతుందేమోనని ఆపి ఆపి తిప్పితే, ఆకాశం తెల్లబడే వేళకు అంటుకుంది. ఆ వారం బావ ఒంట్లోంచి తీయాల్సిన నీరు తీయలేకపోయారు. పాదాలు ఉబ్బాయి. పడుకుంటే ఊపిరాడక, గోడకు దిండు పెట్టుకుని కూర్చుని నిద్రపోయాడు. నేను ఆ ఊపిరిని లెక్కపెడుతూ కూర్చున్నాను.

కారు కంటే ఆయన మాటలు నన్ను ఎక్కువ భయపెట్టాయి. ముందు నవ్వులాటగా మొదలుపెట్టాడు. బండి కూడా రిటైరవుతానంటోందన్నాడు. తర్వాత నవ్వు పోయింది.

"బండే వద్దంటాంది. అది నాకు సూచన లాగుంది. ఒగ్గేద్దాం," అన్నాడు ఒకరోజు అన్నం ముందు కూర్చుని.

"ఏటి ఒగ్గేసేది?"

"ఈ మిషనుకి తిరగడం. నీళ్ళు కడుపారా తాగేసి, సల్లగా ఎల్లిపోతాను."

ఈ నీళ్ళ సంగతి చెప్పాలి. డయాలసిస్ మనిషికి నీళ్ళు కొలిచి ఇవ్వాలి. తాగిందంతా ఒంట్లోనే నిలిచిపోతుంది, ఊపిరితిత్తుల దాకా ఎక్కుతుంది. ఈ దేశపు ఉక్కలో, ఆయనకిచ్చేది రోజుకు చిన్న సీసాడు. దాహం వేస్తే ఒక ఐసు ముక్క చప్పరించాలి. చల్లగా ఒక చెంబుడు నీళ్ళు ఎత్తి తాగడం ఆయనకు పెద్ద ఆశ. దాన్నే పట్టుకుని నన్ను బెదిరిస్తున్నాడు. నేను పళ్ళెం సింకులో పడేసి అవతలికి వెళ్ళిపోయాను. ఆయన్ని కొట్టాలనిపించింది. జబ్బు మనిషి మీద అంత కోపం రావచ్చా అంటే, వస్తుంది. బతకమని బతిమాలే మనిషికి రాక ఇంకెవరికి వస్తుంది?

ఆదివారం సాయంత్రం కారును మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. చైనా ఆయన, షాపు యజమాని కాబట్టి మేమంతా తౌకే అని పిలుస్తాం. వేడిగా వెళ్ళిన బండి ఆయన ముందు పెళ్ళికూతురిలా బుద్ధిగా ఉంది. డాక్టరు గదిలోకి వెళ్ళగానే తగ్గిపోయే దగ్గులాంటిదే ఇదీ. అందుకే రాత్రంతా అక్కడే వదిలేసి, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చూడమన్నాను.

సోమవారం తౌకే నన్ను పక్కన నిలబెట్టి తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే అంటుకుంది.

"బాగానే ఉంది ఆంటీ," అన్నాడు మలాయ్‌లో.

"మా ఇంట్లో బాగా లేదు," అన్నాను.

పాపం, ఓపిగ్గానే వెతికాడు. పెట్రోలు పంపు చూశాడు, రాత్రంతా పెట్రోలు ఒత్తిడి నిలబడిందన్నాడు. బ్యాటరీ చూశాడు. ప్లగ్గులు విప్పి చూశాడు. అంటుకోనప్పుడు వెనక పొగ గొట్టం దగ్గర పెట్రోలు వాసన వస్తుందా అని అడిగాడు. రావడం లేదన్నాను. అయితే పెట్రోలు ఎక్కువై మునగడం కాదు, చాలకపోవడమే అన్నాడు. ఇంజన్ ముందు వైపు, నీళ్ళ గొట్టం పక్కన, బొటనవేలంత ప్లగ్గు ఒకటి చూపించాడు. దానికి రెండు తీగలు. ఇంజన్ చల్లగా ఉందా వేడిగా ఉందా అన్న కబురు కంప్యూటరుకు అందించేది అదేనట. చల్లగా ఉందంటే కంప్యూటరు పెట్రోలు ఎక్కువ పోస్తుంది. వేడిగా ఉందని తప్పుడు కబురు వెళితే తక్కువ పోస్తుంది, బండి లేవదు. దాన్నీ కొలిచి చూశాడు. కబురు సరిగ్గానే వెళుతోంది.

"దీని రబ్బరు పోయింది. కొత్తది తెప్పిస్తాను. అందాకా ఇంజన్ మీద నీళ్ళు కొట్టి కడగకండి," అన్నాడు.

మేమెవరమూ ఇంజన్ కడగం అన్నాను. నాకు తెలిసినంత వరకు అది నిజమే.

మంగళవారం లేవలేదు. చేపల వ్యానే దిక్కయింది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, ఆ రోజు వర్షానికి దారిలో నీళ్ళు నిలిచి ఇంకా ఆలస్యం.

బుధవారం మాకు ఎక్కడికీ పని లేదు. అయినా మంగళవారం లేచిన వేళకే లేచి, బావను నిద్రలేపకుండా కారులో కూర్చుని తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే అంటుకుంది. అదే చీకటి, అదే తేమ, మనిషి కూడా నేనే. ఇంజన్ ఆపి, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని అలాగే ఉండిపోయాను. నేను మూఢనమ్మకాల మనిషిని కాదు. కానీ వారం చూసి మొరాయించే ఇనుముని నేనెక్కడా చూడలేదు. 

చప్పుడుకి బావ లేచి తలుపు దగ్గరికొచ్చాడు.

"ఇయ్యాల లేసిందా?"

"లేసింది."

ఆయన ముఖం ఏదోలా అయిపోయింది. "సూసినావా. దానికి తెలుసే," అని లోపలికి వెళ్ళిపోయాడు.

గురువారం మళ్ళీ లేవలేదు. ఈసారి చేపల వ్యాను కూడా ముందే వెళ్ళిపోయింది. తూర్పు ఎర్రబడేదాకా తిప్పి, ఎలాగో అంటుకుంటే వెళ్ళాం. నర్సు పెదవి విరిచింది. ఇలా అయితే గుండె మీదికొస్తుందని నాకు విడిగా చెప్పింది. ఆ మాట నేను బావకు చెప్పలేదు. ఆయనే దారిలో నాకొక మాట చెప్పాడు.

"శనివారం కూడా లెగకపోతే, నాను ఇంక రాను. బతిమాలకు. అమ్మాయికి కూడా సెప్పేయ్."

ఆయన లారీ తోలిన మనిషి. ఒకసారి గేరు వేశాక వెనక్కి తీసేవాడు కాదు. నాకు ఏడుపు రాలేదు, బుర్ర మాత్రం తిరుగుతూనే ఉంది. మంగళ, గురు, శని. బుధవారం లేచిన బండి గురువారం ఎందుకు లేవదు? ఆ రెండు తెల్లవారుజాముల్లో తేడా ఒక్కటే. డయాలసిస్ రోజున బావ నాకంటే ముందు లేస్తాడు. స్నానం చేసి, దేవుడి దగ్గర దీపం పెట్టి, నన్ను లేపుతాడు. బుధవారం ఆయన నా తర్వాతే లేచాడు.

అక్కడి నుంచి నా ఆలోచన ఎటు పోయిందో చెప్పడానికి సిగ్గేమీ లేదు. ఆయన బండి పని తెలిసిన మనిషి. ఊరికే రానంటే నేను ఊరుకోనని, నెపం బండి మీదికి తోయడానికి చీకట్లో వెళ్ళి ఏదో తీగ లాగేస్తున్నాడని అనుకున్నాను. అనుకోవడం కాదు, నమ్మేశాను. శుక్రవారం సాయంత్రం బానెట్ మీద మందపాటి దుప్పటి కప్పి, నాలుగు వైపులా బిగించి కట్టాను. మంచుకి కప్పానని చెప్పాను. 

శనివారం బావ లేపకముందే మెలకువ వచ్చింది. పక్కన మంచం ఖాళీ. వంటింట్లోకి వెళ్ళి కిటికీ అద్దాల సందులోంచి చూశాను. వాకిట్లో టార్చి వెలుతురు. దుప్పటి విప్పి చక్కగా మడిచి పక్కన పెట్టి ఉంది. బానెట్ పైకి లేచి ఉంది. బావ దాని కింద వంగి ఉన్నాడు.

 చావాలని ఉంటే ఉందని చెప్పాడు కదా, మళ్ళీ ఈ దొంగతనం దేనికి? ఆ మాట ఆయన ముఖం మీద అడగాలని చెప్పులు కూడా వేసుకోకుండా పక్క తలుపు తీశాను.

బావ చేతిలో స్పానరు లేదు. మా పాత ఇత్తడి చెంబు ఉంది. ఇంకో చేతిలో వేపకొమ్మ. కొమ్మను చెంబులో ముంచి, ఇంజన్ మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా పసుపు నీళ్ళు చల్లుతున్నాడు. కొమ్మ ఆ నీళ్ళ గొట్టం మీదికి వచ్చింది, రెండు తీగల ప్లగ్గు మీదికి వచ్చింది, ఆగి ఇంకోసారి తడిపింది.

మా మామ, అంటే బావ తండ్రి, తోటలోని కొబ్బరినూనె మిల్లులో పెద్ద ఇంజన్ చూసుకునేవాడు. పొద్దున్నే దానికి పసుపు నీళ్ళు చల్లి, బొట్టు పెట్టి, దణ్ణం పెట్టాకే తిప్పేవాడు. మా వాళ్ళంతా అంతే. పాలు పిండే మిషనైనా, మోటారుసైకిలైనా, అన్నం పెట్టేదానికి పసుపు నీళ్ళు పడాలి. ఆయుధ పూజకు మేమూ చేస్తాం. కానీ పక్క మంచం పెద్దాయన రావడం మానినప్పటి నుంచి ప్రతి డయాలసిస్ రోజూ ఆయన చేస్తున్నాడని నాకు తెలియదు.

బావ బండి అంచు మీద చెయ్యి ఆనించి, తల వంచాడు.

"ఆగిపోకే తల్లీ," అన్నాడు. "ఈ ఒక్క రోజు లెగు. నాకు సావాలని నేదు. భయమేస్తాంది."

నేను తలుపు వెనకే ఉండిపోయాను. ఆయన గొంతు అలా ఉండగా ఎప్పుడూ వినలేదు. మా పెళ్ళినాడు వినలేదు, వాళ్ళ నాన్న పోయినప్పుడు వినలేదు. బావ బానెట్ నెమ్మదిగా దించాడు. చెంబులో సగం నీళ్ళు మిగిలాయి. చెంబు పట్టుకుని కాసేపు దాంట్లోకే చూస్తూ నిలబడ్డాడు. ఎవరూ చూడటం లేదు. పసుపు కలిస్తే మాత్రం ఏం, నీళ్ళే కదా. నాలుకతో పెదాలు తడుపుకున్నాడు. తర్వాత ఆ నీళ్ళన్నీ కరివేపాకు చెట్టు మొదట్లో పోసేశాడు.

నేను వెళ్ళి మంచం మీద పడుకుని కళ్ళు మూసుకున్నాను. ఆయన వచ్చి నన్ను లేపినప్పుడు, అప్పుడే మెలకువ వచ్చినట్టు లేచాను.

కారులో కూర్చున్నాం. బావ ముందుకే చూస్తున్నాడు. తాళం తిప్పాను. తిరిగింది, దగ్గింది, ఆగింది. ఇంకోసారి. అంతే. పక్కన ఆయన ఊపిరి వినిపించడం ఆగిపోయింది. ఒళ్ళోని దుప్పటిని రెండు చేతులా పట్టుకున్నాడు. మూడుమాట్లు తొక్కమని కూడా అనలేదు.

"కదలకుండా కూకో. ఇప్పుడే వస్తాను," అన్నాను.

బానెట్ తెరిచి టార్చి వేశాను. తౌకే చూపించిన ప్లగ్గు మీద పసుపు చుక్కలు. పక్కనున్న మీట నొక్కి ఊడదీస్తే, లోపలి నుంచి పసుపు నీళ్ళు నా వేళ్ళ మీదికి కారాయి. కొలిచి చూస్తే ఎందుకు దొరుకుతుంది? తౌకే దగ్గరికి వెళ్ళేసరికి ఆరిపోయి ఉండేది. తడి రెండు తీగల్నీ కలిపేసి, చల్లటి ఇంజన్ వేడిగా ఉందని కబురు పంపుతోంది. నా పైట కొంగుతో లోపల తుడిచాను. నోటితో ఊదాను. మళ్ళీ తుడిచాను. తడి వేళ్ళలోంచి ప్లగ్గు రెండుసార్లు జారింది. గట్టిగా నొక్కి పెట్టి, వంటింట్లోంచి ప్లాస్టిక్ సంచి తెచ్చి చుట్టి కట్టాను.

వచ్చి కూర్చుని తాళం తిప్పాను. ఒక దగ్గు. రెండో దగ్గు. అంటుకుంది. బండంతా ఒకసారి వణికి నిలబడింది. బావ చెయ్యి డాష్‌బోర్డు మీదికి వెళ్ళింది, దాన్ని తాకి కళ్ళకు అద్దుకున్నాడు. నేను చూస్తున్నానని గుర్తొచ్చి చెయ్యి తీసేశాడు.

పామాయిల్ తోటల మధ్య రోడ్డెక్కాం. స్టీరింగ్ మీద నా వేళ్ళు పసుపుగా ఉన్నాయి. ఎదురుగా వచ్చిన లారీ వెలుతురులో బావ వాటిని చూశాడు. ముఖం అటు తిప్పుకున్నాడు.

"మా నాయన ఇంజన్‌కి ఏనాడూ ఏటీ అవనేదు," అన్నాడు.

"ఆ ఇంజన్‌కి తీగలు నేవు బావా. దీనికి టైరు కాడ సల్లు."

ఊఁ అన్నాడు. బండితో నువ్వు అన్నదంతా విన్నానని చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెబితే ఆ మనిషి సిగ్గుతో చచ్చిపోతాడు. కళ్ళ నీళ్ళు నాకు రోడ్డును కనబడనివ్వడం లేదు. అందుకని కొంచెం నెమ్మదిగా పోనిచ్చాను.

"టైం ఎంతయింది?" అని అడిగాడు.

చెప్పాను.

"మరి ఎద్దుబండి తోలినట్టు తోల్తావేటే? తొక్కు. నా మంచం ఇంకోళ్ళకి ఇచ్చేస్తారు."

తొక్కాను.